కారు ఊళ్ళో తిరిగితే చల్లగా ఉంటుంది, ఘాట్ ఎక్కితే ఇంజిన్ వేడి చూపే ముల్లు ఎర్ర గీత దాకా పోతోంది. ఇంజిన్ విప్పించాలా?

నల్లమల_దారి
మాది 2013 నాటి 1.2 లీటర్ పెట్రోలు కారు. మూడేళ్ళ క్రితం సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను, ఇప్పటికి 94 వేల కిలోమీటర్లు తిరిగింది. మే మూడో వారంలో అమ్మానాన్నలతో, మా అమ్మాయితో హైదరాబాద్ నుంచి శ్రీశైలం బయలుదేరాం. మన్ననూరు చెక్‌పోస్టు దాకా ఏ ఇబ్బందీ లేదు. దోమలపెంట దగ్గరికి వచ్చేసరికి ముల్లు సగం దాటింది. ఆనకట్ట వైపు దిగుతుంటే మళ్ళీ కిందికి వచ్చింది కదా అని ఊపిరి పీల్చుకున్నాను. వంతెన దాటి సున్నిపెంట వైపు ఎక్కడం మొదలుపెట్టాక రెండు మలుపులు తిరిగానో లేదో, ముల్లు ఎర్ర గీతను తాకింది. బెల్లం పాకం మాడినట్టు ఒక తీపి వాసన వచ్చింది. బండి పక్కకు తీసి ఆపేసరికి బానెట్ సందుల్లోంచి ఆవిరి. మధ్యాహ్నం రెండు గంటలు, పైన ఎండ, సీట్లో షుగరు ఉన్న నాన్న. గంట సేపు ఆ రోడ్డు పక్కన కూర్చున్నాం.

తిరిగి వచ్చాక మా వీధి మెకానిక్‌కు చూపించాను. థర్మోస్టాట్ (వేడిని బట్టి రేడియేటర్ దారి తెరిచే కవాటం) తీసేసి, "మన ఎండలకు ఇది అక్కర్లేదు" అని పంపించారు. ఏమీ తగ్గలేదు. ఔటర్ రింగ్ రోడ్డు మీద 90లో అరగంట పోతే ముల్లు మళ్ళీ లేస్తోంది. విచిత్రం ఏమిటంటే, ఊళ్ళో గంట సేపు ట్రాఫిక్‌లో నిలబడినా ఏమీ కాదు. ఇంకో షెడ్డులో హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ బ్లాకుకూ పైన ఉండే హెడ్డుకూ మధ్య పొర) పోయిందన్నారు. ఇంజిన్ విప్పాలి, 28 వేలు అవుతుంది అంటున్నారు. ఒప్పుకోవచ్చా? అమ్మ మొక్కు ఇంకా తీరలేదు, నెలలోపు మళ్ళీ వెళ్ళాలి.

డీజిల్_ప్రాణం
హెడ్ గ్యాస్కెట్టే. ఎర్ర గీత దాకా పోయాక అది మిగలదు. నాకూ ఇలాగే అయింది, ఆలస్యం చేసి 28 వేల పనిని 60 వేలు చేసుకున్నాను. ఒప్పుకోండి.

స్పానర్_14
ఇంత తొందరగా ఇంజిన్ విప్పమనకండి. నల్లమల_దారి గారూ, ముందు వీటికి జవాబు చెప్పండి. పొద్దున మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు సైలెన్సర్ నుంచి తెల్ల పొగ వచ్చి ఆగకుండా వస్తూనే ఉంటుందా? ఆయిల్ మూత తీస్తే లోపల మీగడలాంటిది ఉందా? రోజువారీ వాడకంలో కూలెంట్ తగ్గుతోందా? రాత్రంతా ఆగిన బండి పై హోస్ పైపు, స్టార్ట్ చేసిన ఒక్క నిమిషంలోనే రాయిలా గట్టిపడుతోందా? రిజర్వ్ ట్యాంకులో బుడగలు వస్తున్నాయా?

నల్లమల_దారి
పొగ లేదు. ఆయిల్ శుభ్రంగానే ఉంది. ఊళ్ళో తిరిగితే కూలెంట్ ఒక్క చుక్క తగ్గదు. పైపు చల్లగా ఉన్నప్పుడు మెత్తగానే ఉంటుంది. బుడగలు ఇంకా చూడలేదు. ఇంకొకటి, ట్యాంకులో ఉన్నది తుప్పు రంగు నీళ్ళలా ఉంది, ఆకుపచ్చగా లేదు. నాకు ముందు ఈ కారు వాడినాయన ఇంటి బోరు నీళ్ళే పోసేవారట.

స్పానర్_14
ఆ చివరి మాట మొదటే చెప్పాల్సింది!

ఎప్పుడు వేడెక్కుతోందో చూడాలి, జబ్బు సగం అక్కడే తెలిసిపోతుంది. ట్రాఫిక్‌లో ఆగినప్పుడు వేడెక్కి, రోడ్డెక్కి గాలి తగలగానే చల్లబడితే తప్పు గాలి వైపు ఉన్నట్టు. అంటే ఫ్యాన్ మోటారు, రిలే, ఫ్యూజు, వైరింగు. మీది సరిగ్గా దీనికి ఎదురు. ఊళ్ళో ఇంజిన్ పుట్టించే వేడి తక్కువ, దాన్ని సగం మూసుకుపోయిన రేడియేటర్ కూడా ఫ్యాన్ సాయంతో మోయగలదు. 90లో పోతున్నప్పుడు, నలుగురితో ఏసీ వేసుకుని రెండో గేరులో ఘాట్ ఎక్కుతున్నప్పుడు వేడి దానికి ఎన్నో రెట్లు. అప్పుడు బయటపడుతుంది. కాబట్టి మీ విషయంలో అనుమానించాల్సింది నీళ్ళ ప్రవాహాన్ని: రేడియేటర్ లోపల గార పట్టడం, వాటర్ పంపు రెక్కలు తుప్పుపట్టి అరిగిపోవడం, కింది హోస్ పైపు చప్పబడటం. గ్యాస్కెట్ కాదని నేను ప్రమాణం చేయను. కానీ అది పోతే మామూలుగా ఊళ్ళో కూడా నీళ్ళు తగ్గాలి, పైపు గట్టిపడాలి. మీకు అవేవీ లేవు.

28 వేలు పెట్టి గ్యాస్కెట్ మార్చి, అదే రేడియేటర్ మళ్ళీ బిగిస్తే కొత్త గ్యాస్కెట్ కూడా సున్నిపెంట ఎక్కుడులోనే పోతుంది.

మంచినీళ్ళు_చాలు
బోరు నీళ్ళను ఇంతగా తిట్టక్కర్లేదు. మా నాన్నగారు అంబాసిడర్‌లో 20 ఏళ్ళు కుళాయి నీళ్ళే పోశారు. ఒక్కసారి కూడా ఇంజిన్ విప్పలేదు. మనది చలి దేశమా, కూలెంట్ దేనికి? అది మంచు పడేచోట నీళ్ళు గడ్డకట్టకుండా పోసే మందు.

బెజవాడ_షెడ్డు
నేను ఈ పనిలో 22 ఏళ్ళుగా ఉన్నాను, ఈ మాట వారానికి రెండుసార్లు వింటాను. పాత అంబాసిడర్ ఇంజిన్ పోత ఇనుముది. బ్లాకూ ఇనుమే, హెడ్డూ ఇనుమే. రేడియేటర్ రాగి, ఇత్తడి. నీళ్ళ దారులు వేలు పట్టేంత ఉండేవి, గార పడితే రాడ్డు దూర్చి గోకేవాళ్ళం. ఇప్పటి కార్లలో హెడ్ అల్యూమినియం, రేడియేటర్ అల్యూమినియం, గొట్టాలు బద్దల్లా పలచగా ఉంటాయి. వాటిలో రాడ్డు కాదు, గట్టి కాగితం దూర్చడమే కష్టం.

గడ్డకట్టకుండా ఆపడం కూలెంట్ చేసే పనుల్లో ఒకటి మాత్రమే. అందులో తుప్పు పట్టకుండా చూసే రసాయనాలు ఉంటాయి, మనకు ముఖ్యం అవి. అవి లేకపోతే అల్యూమినియంను తుప్పు లోపలి నుంచి తినేస్తుంది. రెండోది మరిగే వేడి. మామూలు నీళ్ళు మూత ఒత్తిడి లేకపోతే 100 డిగ్రీలకు మరుగుతాయి. సగం కూలెంట్, సగం డిస్టిల్డ్ వాటర్ కలిపి, పైన సరైన మూత ఉంటే 125 డిగ్రీల దాకా మరగదు. ఘాట్‌లో ఆ 25 డిగ్రీలే బండిని కాపాడతాయి.

మంచినీళ్ళు_చాలు
పోత ఇనుము సంగతి ఒప్పుకుంటాను, అది నాకు తట్టలేదు. కానీ సగానికి సగం కూలెంట్ ఎందుకు? మొత్తం కూలెంటే పోస్తే ఇంకా మంచిది కదా?

బెజవాడ_షెడ్డు
కాదండీ. వేడిని మోయడంలో నీటిని మించింది లేదు. గాఢమైన కూలెంట్ ఒక్కటే పోస్తే అది వేడిని నీళ్ళంత బాగా మోయలేదు. అందుకే సగం సగం. డబ్బా మీద ముందే కలిపినది అని రాసి ఉంటే మాత్రం అలాగే పోసేయాలి, మళ్ళీ నీళ్ళు కలపకూడదు. డిస్టిల్డ్ వాటర్ బ్యాటరీ షాపుల్లో ఐదు లీటర్ల క్యానుల్లో దొరుకుతుంది.

మిర్యాల_రోడ్డు
ఏసీ నీళ్ళు పోయవచ్చా? మా ఇంట్లో రోజూ బకెట్ నిండుతుంది.

బెజవాడ_షెడ్డు
వద్దు. అందులో సున్నం ఉండదు గానీ ఏసీ లోపలి దుమ్ము, నాచు అన్నీ వస్తాయి. ఆ నీళ్ళు మొక్కలకు పోయండి.

డీజిల్_ప్రాణం
థర్మోస్టాట్ తీసేసినా తగ్గలేదంటే ఇక మిగిలింది గ్యాస్కెట్ అని నా లెక్క. థర్మోస్టాట్ లేకపోతే నీళ్ళు ఇంకా స్వేచ్ఛగా తిరగాలి కదా.

స్పానర్_14
మూసుకుపోయిన కాలువకు తూము తీసేస్తే నీళ్ళు పారవు కదండీ. పైగా చాలా ఇంజిన్లలో థర్మోస్టాట్‌కు రెండు పనులు. 82 నుంచి 88 డిగ్రీల మధ్య లోపలి మైనం కరిగి రేడియేటర్ దారి తెరుస్తుంది. అదే కదలికతో ఇంజిన్‌లోనే చుట్టూ తిరిగే పక్కదారిని మూస్తుంది. అది తీసేస్తే ఆ పక్కదారి ఎప్పుడూ తెరిచే ఉంటుంది, కొంత వేడి నీరు రేడియేటర్ దాకా పోకుండానే వెనక్కి వస్తుంది. అంటే తీసేయడం వల్ల ఘాట్‌లో ఇంకా ఎక్కువ వేడెక్కే అవకాశం ఉంది. నీళ్ళు మరీ వేగంగా పోయి చల్లబడవు అని కొందరు చెప్పే కారణం మాత్రం సరైనది కాదు.

నల్లమల_దారి
థర్మోస్టాట్ తీసేసిన దగ్గర్నుంచి మైలేజీ 16 నుంచి 13కు పడిపోయింది. దానికీ దీనికీ సంబంధం ఉందా?

స్పానర్_14
ఉంది. ఇంజిన్ ఇంకా చల్లగానే ఉందనుకుని కంప్యూటర్ పెట్రోలు ఎక్కువ పంపిస్తుంది. పొద్దున పూట వేడెక్కడానికి ఎంత సేపు పడుతోందో గమనించండి. ఏమైనా కొత్త థర్మోస్టాట్ వేయించాల్సిందే.

కాకినాడ_తీరం
నా అనుభవం వేరు, నాకు ఊళ్ళోనే వేడెక్కేది. చిన్న గుద్దుడు తర్వాత బంపర్ పని చేయించాను. అప్పటి నుంచి మొదలైంది. ఫ్యాన్ తిరుగుతోంది, రిలే బాగుంది, నీళ్ళు నిండుగా ఉన్నాయి. నాలుగు షెడ్లు తిరిగాను. చివరికి ఒక ముసలాయన ఫ్యాన్ తిరుగుతున్నప్పుడు గ్రిల్ ముందు ఒక పేపరు ముక్క పట్టుకున్నారు. అది గ్రిల్‌కు అంటుకోవాలి. అంటుకోలేదు, ఎగిరి ఆయన చొక్కా మీద పడింది! ప్లగ్గులో రెండు వైర్లూ తారుమారుగా కలిపారు, ఫ్యాన్ వెనక్కి తిరిగి వేడి గాలిని ముందుకు ఊదుతోంది. రెండు నిమిషాల పని.

మిర్యాల_రోడ్డు
పేపరు ముక్కతో తేలిపోయింది. ఈ పరీక్ష ఈ సాయంత్రమే మా బండికి చేస్తాను.

గల్ఫ్_స్టీరింగ్
కువైట్‌లో పదకొండేళ్ళుగా డ్రైవర్‌గా ఉన్నాను. ఇక్కడ వేసవిలో 50 డిగ్రీలు, అయినా బండ్లు ఘాట్లు లేకపోయినా ఏసీతో నూటఇరవైలో రోజంతా పోతాయి. ఇక్కడ మొదట చూసేది ఒక్కటే: ఏసీ కండెన్సర్‌కూ రేడియేటర్‌కూ మధ్య ఉన్న సందు. ముందు నుంచి చూస్తే శుభ్రంగా కనిపిస్తుంది, ఆ సందులో మాత్రం ఇసుక కంబళిలా పేరుకుంటుంది. మనవైపు దూది, పురుగులు, వరికోతల పొట్టు. నీళ్ళు ఇంజిన్ వైపు నుంచి ముందుకు కొట్టాలి, అదీ తక్కువ ప్రెషర్‌తో. గట్టిగా కొడితే రెక్కలు వంగిపోయి ఉన్న దారి కూడా మూసుకుపోతుంది.

ఏటిగట్టు
కింది హోస్ పైపు మాట స్పానర్_14 గారు ఒక్క ముక్కలో వదిలేశారు, నాకు అదే జరిగింది. ఆగి ఉన్నప్పుడు పైపు గుండ్రంగా, ఆరోగ్యంగా ఉంది. ఇంజిన్‌ను నిమిషానికి 3000 చుట్లు తిప్పితే పంపు లాగే లాగుడుకు మధ్యలో నోట్లో బుగ్గల్లా లోపలికి పీల్చుకుపోయేది. నీళ్ళకు దారి లేదు. ఇంజిన్ తగ్గించగానే మామూలే. అందుకే ఏ షెడ్డులో చూసినా దొరకలేదు, ఎవరూ ఇంజిన్ రేజ్ చేసి చూడలేదు. పైపు మార్చితే పోయింది.

నల్లమల_దారి
ఆ రోజు రోడ్డు పక్కన నాన్న చేతిలో గుడ్డ పట్టుకుని రేడియేటర్ మూత తీయబోయారు. నేను ఆపాను. ఆయనకు ఇప్పటికీ కోపంగానే ఉంది, అప్పుడే నీళ్ళు పోసి ఉంటే గంట ఆగాల్సిన పని ఉండేది కాదని.

కడప_రాయి
మీరు చేసిన పనికి నమస్కారం. మా చిన్నాన్న 2016లో గువ్వలచెరువు ఘాట్‌లో అలాగే గుడ్డతో మూత తిప్పారు. లోపలి నీళ్ళు 100 డిగ్రీలు దాటి ఉన్నా ఒత్తిడి వల్ల మరగకుండా ఉంటాయి. మూత వదులు కాగానే ఆ ఒత్తిడి పోయి ఒక్కసారిగా ఆవిరై పైకి లేస్తాయి. మెడ, కుడి చెయ్యి, ఛాతీ కాలిపోయాయి. 19 రోజులు ఆసుపత్రిలో ఉన్నారు. ఆ చెయ్యి ఇప్పటికీ పూర్తిగా చాచలేరు. మీ నాన్నగారికి ఇది చదివి వినిపించండి.

నల్లమల_దారి
వినిపించాను. చాలా సేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "మీ చిన్నాన్న ఇప్పుడెలా ఉన్నారో అడుగు" అన్నారు.

కడప_రాయి
బాగున్నారు. ఎడమ చేత్తో కారు నేర్చుకుని, ఇప్పుడు గేర్లు లేని బండి నడుపుతున్నారు.

స్పానర్_14
మూత సంగతి వచ్చింది కాబట్టి, దాన్ని చల్లగా ఉన్నప్పుడు తీసి రబ్బరు వాషర్ చూడండి. పగిలినా, గట్టిపడినా మార్చేయండి, 200 రూపాయల వస్తువు. మూత మీద అది ఆపే ఒత్తిడి 0.9 అనో 1.1 అనో రాసి ఉంటుంది, అదే అంకె ఉన్నది కొనాలి. ఎక్కువ అంకె వేస్తే మంచిదని కొందరు వేస్తారు, పాత పైపులు పగులుతాయి.

ఇంకా డ్యాష్‌బోర్డు ముల్లును నమ్మకండి. చాలా కార్లలో అది 75 నుంచి 105 దాకా మధ్యలోనే నిలబడేలా చేస్తారు. అది కదిలిందంటే అప్పటికే ఆలస్యమైనట్టు. స్టీరింగ్ కింద ఉండే ఓబీడీ సాకెట్‌కు (కారు కంప్యూటర్ అంకెలు చదివే చోటు) ఒక చిన్న బ్లూటూత్ ముక్క పెడితే అసలు అంకె ఫోనులో కనిపిస్తుంది.

పల్లవి_పోలో_కాదు
మా కారుకు ఆ ముల్లు కూడా లేదు! చల్లగా ఉంటే నీలం దీపం, మితిమీరితే ఎర్ర దీపం. మధ్యలో ఏం జరుగుతోందో తెలిసే దారే లేదు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు, అలాంటి దేశంలో అమ్మే కారుకు ఒక ముల్లు పెట్టడానికి ఏమయింది? ఆ ఓబీడీ ముక్క నేనూ కొంటున్నాను.

నల్లమల_దారి
ఓబీడీ వచ్చింది. మూడు రోజులు చూశాను. ఊళ్ళో 88 నుంచి 97 మధ్య, 97 రాగానే ఫ్యాన్ తిరిగి 92కు దించుతోంది. ఔటర్ మీద ఏసీతో 90లో 20 నిమిషాలు పోతే 106. అప్పటికీ డ్యాష్‌బోర్డు ముల్లు మధ్యలోనే ఉంది! నాకు వెన్ను జలదరించింది. వెంటనే ఏసీ ఆపి 60కు తగ్గిస్తే పది నిమిషాల్లో 96కు దిగింది.

స్నేహితుడి దగ్గర గురిపెట్టి కొలిచే థర్మామీటర్ తెచ్చి రేడియేటర్ మీద అక్కడక్కడ కొలిచాను. పై పైపు దగ్గర 95. పై భాగం అంతా 84 నుంచి 90. మధ్య నుంచి కిందికి ఒక పెద్ద ముక్క 50, 52. కింది పైపు 3000లో కూడా చప్పబడలేదు. కండెన్సర్ సందులో దుమ్ము ఉంది గానీ కంబళి అంత కాదు.

స్పానర్_14
అదే. 50 ఉన్నచోట నీళ్ళు పోవడం లేదు. మీ రేడియేటర్‌లో సగం ఊరికే బరువు మోస్తోంది.

డీజిల్_ప్రాణం
సరే, రేడియేటర్ అనే ఒప్పుకుంటున్నాను. కానీ ఒకసారి ఎర్ర గీత తాకింది కాబట్టి నా మాట ఒక్కటి వినండి. రేడియేటర్ మార్చే రోజే ఆ నీలి ద్రవం పరీక్ష చేయించండి. రేడియేటర్ నోటి దగ్గర గొట్టంలో పోసి లోపలి గాలిని దాని గుండా పీలుస్తారు. ఇంజిన్‌లో మండిన వాయువు నీళ్ళలోకి వస్తుంటే అది పసుపు పచ్చగా మారుతుంది. అరగంట పని. నేను అది చేయించకనే చెడిపోయాను.

బెజవాడ_షెడ్డు
మంచి మాట. చేయించండి.

నల్లమల_దారి
నిన్న ఆదివారం పని అయింది, పొద్దున తొమ్మిదింటి నుంచి నేను అక్కడే నిలబడ్డాను. ముందు నీలి ద్రవం పరీక్ష. పావుగంట ఇంజిన్ తిప్పారు, నీలం నీలంగానే ఉంది. నా చేతులు అప్పటిదాకా చల్లగా ఉన్నాయి.

తర్వాత రేడియేటర్ దించారు. మెకానిక్ దాని నిండా నీళ్ళు పట్టి, ఒక్కసారి తలకిందులు చేశారు. భళ్ళున పోవాల్సింది పోయి, పాత కుళాయిలా సన్నగా కారింది. నాకు చూపించాలని అంచు రేకు మడతలు స్క్రూ డ్రైవర్‌తో ఒక్కొక్కటే విప్పి ప్లాస్టిక్ ట్యాంకు పక్కకు తీశారు. కింది గొట్టాల మూతులన్నీ పూడిపోయి ఉన్నాయి. కాఫీ ఫిల్టర్ అడుగున మిగిలే పొడిలా గోధుమ రంగు బురద, దాని కింద తెల్లటి సున్నపు పొర. గోటితో గీకితే పెళుసుగా ఊడింది. ఆ ముక్కను ఒక కాగితంలో పొట్లం కట్టి ఇంటికి తెచ్చి నాన్నకు చూపించాను.

కొత్త రేడియేటర్ 4,800. థర్మోస్టాట్ 850. మూత 220. కూలెంట్, డిస్టిల్డ్ వాటర్, కూలి అన్నీ కలిపి 8,900 అయింది. కొత్తది బిగించే ముందు ఇంజిన్‌ను డిస్టిల్డ్ వాటర్‌తో మూడుసార్లు కడిగారు, మూడోసారికి గానీ తెల్లగా రాలేదు. వాటర్ పంపు రెక్కలు బాగానే ఉన్నాయి.

బెజవాడ_షెడ్డు
గాలి తీశారా? కొత్తగా నింపినప్పుడు లోపల గాలి బుడగ మిగిలితే హెడ్ దగ్గర నీళ్ళే ఉండవు. బండి ముందు భాగం కాస్త ఎత్తులో పెట్టి, హీటర్ పూర్తి వేడిలో తిప్పి, మెల్లగా పోస్తూ ఫ్యాన్ రెండుసార్లు తిరిగే దాకా చూడాలి.

నల్లమల_దారి
ర్యాంపు మీద పెట్టి చేశారు. ఫ్యాన్ మూడుసార్లు తిరిగింది, తర్వాత ఇంకో 300 మిల్లీలీటర్లు పట్టింది.

ఊరకుక్కల_నేస్తం
పాత కూలెంట్ ఎక్కడ పోశారు? రోడ్డు మీద వదలకండి దయచేసి. తియ్యగా ఉంటుందని కుక్కలు నాకుతాయి, కొద్దిగా తాగినా మూత్రపిండాలు దెబ్బతిని చచ్చిపోతాయి. మా వీధిలో రెండు కుక్కపిల్లలు పోయాయి. నల్లమల_దారి గారి బండిలో ఎక్కువ బోరు నీళ్ళే అయినా, చదివేవాళ్ళ కోసం చెబుతున్నాను.

నల్లమల_దారి
డబ్బాలో పట్టి పెట్టారు, మూత ఉంది. ఈ సంగతి నాకు తెలియదు, షెడ్డులో కూడా చెబుతాను.

మంచినీళ్ళు_చాలు
ఆ సున్నపు పొర మాట చదివాక మా ఆవిడ కారు రేడియేటర్ మూత తీసి చూశాను, చల్లగా ఉన్నప్పుడే. టీ రంగు. శనివారం కడిగిస్తున్నాను.

గల్ఫ్_స్టీరింగ్
ఘాట్ ఎక్కేముందు ఒక్క మాట. ఎప్పుడైనా ముల్లు లేస్తే ఏసీ ఆపి, హీటర్ పూర్తిగా వేడి వైపు తిప్పి, ఫ్యాన్ పెంచి, అద్దాలు దించండి. లోపల ఉడికిపోతారు గానీ హీటర్ కూడా ఒక చిన్న రేడియేటరే, ఇంజిన్ వేడిని కొంత లాగేస్తుంది. సురక్షితంగా ఆపే చోటు దాకా చేరుస్తుంది. ఎర్ర గీత తాకితే మాత్రం ఇక నడపవద్దు.

నల్లమల_దారి
శ్రీశైలం వెళ్ళి వచ్చాం. అదే నలుగురం, అదే ఏసీ, మధ్యాహ్నం ఒంటి గంట. దోమలపెంట దగ్గర 93. సున్నిపెంట ఎక్కుడులో రెండో గేరులో అత్యధికం 98, మలుపు తిరగగానే 95. మా అమ్మాయి ముందు సీట్లో ఫోను పట్టుకుని ప్రతి మలుపు దగ్గరా అంకె గట్టిగా చదివింది. పోయినసారి ఆగిన చోటు రాగానే నాన్న "ఇక్కడే" అన్నారు. ఈసారి ఆగలేదు. అమ్మ మొక్కు తీరింది.

డీజిల్_ప్రాణం
98 అంటే హాయిగా ఉన్నట్టు. నా బండికి కూడా థర్మామీటర్ పెట్టి చూస్తాను.

పల్లవి_పోలో_కాదు
కూలెంట్ మళ్ళీ ఎప్పుడు మార్చాలి?

బెజవాడ_షెడ్డు
మీ బండి పుస్తకంలో ఎంత రాసి ఉంటే అంత. పుస్తకం లేకపోతే రెండేళ్ళు లేదా 40 వేల కిలోమీటర్లు, ఏది ముందు వస్తే అది. రంగు చూసి ఒకే రకం అనుకుని వేరే కూలెంట్ కలపకండి, రంగుకు నియమం ఏమీ లేదు. మార్చిన తేదీ బానెట్ లోపలి వైపు మార్కర్‌తో రాసి పెట్టండి.